పరుగెత్తితే వచ్చే తలనొప్పి – మా గది సంగతి

కొంచెం పెద్ద పోస్టు. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేసేవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి.

మేం నలుగురం. నరసరావుపేట హాస్టల్లో ఒకే గది. బొల్లాపల్లి వైపు తండాల నుంచి వచ్చినోళ్లం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అబ్బాయిలకి 1600 మీటర్లు 8 నిమిషాల్లో అయిపోవాలి గదా, అంటే 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు. రెండు రౌండ్ల దాకా బాగానే ఉండేది. ఆ తర్వాత మాలో ఇద్దరికి ఒక పక్క కణత దగ్గర సుత్తితో కొట్టినట్టు మొదలయ్యేది. పరుగు ఆపినా నొప్పి ఆగదు. వాంతి, వెలుతురు చూడలేకపోవడం. గదికొచ్చి కిటికీకి దుప్పటి కట్టుకొని సాయంత్రం దాకా పడుకోవడమే. ఆ రోజు క్లాసులు పోయినట్టే.

గ్రౌండ్‌లో ఒక సీనియర్ "ఒళ్లు వంగక నాటకాలు" అన్నాడు. ఇంటికి ఫోన్ చేస్తే దిష్టి అన్నారు. మేం కూడా ఎవరికీ చెప్పలేదు. జబ్బు ఉందని తెలిస్తే ఉద్యోగానికి పనికిరామేమో అని భయం. మెడికల్ షాపులో బిళ్లలు కొని మింగడం, మళ్లీ పరుగెత్తడం. ఒక నెలలో సగం రోజులు బిళ్లలే.

చివరికి నలుగురం కలిసి ప్రభుత్వాసుపత్రికి పోయాం. డాక్టర్ మేడమ్ బీపీ చూసి, కళ్లు చూసి, ఒకటే అడిగారు: "రాత్రి ఎన్నింటికి తిన్నారు?" హాస్టల్లో ఏడింటికి భోజనం. పరుగు పొద్దున ఐదింటికి. అంటే పది గంటలు కడుపు ఖాళీ, నీళ్లు కూడా తాగకుండా, లేచీ లేవగానే ఫుల్ స్పీడు! ఇది మాకెప్పుడూ తట్టలేదు. పైగా పల్నాడు ఎండలు, రెంటచింతల పేరు తెలియనిదెవరికి?

దీన్ని మైగ్రేన్ అంటారంట, మన పెద్దోళ్లు పార్శ్వపు నొప్పి అనేది ఇదే. ఆకలి, దాహం, నిద్ర చాలకపోవడం, ఎండ, ఒక్కసారిగా శ్రమ, ఇవన్నీ కలిస్తే రేగుతుంది. బిళ్లలు ఎక్కువ రోజులు వాడితే ఆ బిళ్లల వల్లే తలనొప్పి వస్తుందని కూడా చెప్పారు. అది విని మేం మొహాలు చూసుకున్నాం.

ఇప్పుడు రాత్రే రెండు అరటిపండ్లు, వేరుశెనగ చిక్కీ దాచుకుంటున్నాం. లేవగానే నీళ్లు, కాస్త తిండి, అరగంట ఆగి గ్రౌండ్‌కి. పదిహేను నిమిషాలు నడక, మెల్లగా జాగింగ్, ఆ తర్వాతే స్పీడు. నొప్పి వచ్చిన రోజు ఏం తిన్నాం, ఎంతసేపు పడుకున్నాం అని నోట్‌బుక్‌లో రాస్తున్నాం. ఒకడికి దాదాపు పోయింది, 7 నిమిషాల 50 సెకన్లకి వచ్చాడు. ఇంకొకడికి తగ్గింది గానీ పోలేదు. రోజూ వేసుకునే మందు మొదలుపెట్టారు, టైము ఇంకా 8.20 దగ్గరే ఉంది.

ఒకటి మాత్రం మర్చిపోవద్దు. పరుగులో జీవితంలో ఎప్పుడూ లేనంత నొప్పి ఒక్కసారిగా వచ్చినా, స్పృహ తప్పినా, మెడ బిగుసుకున్నా, చూపు రెండుగా కనిపించినా, చెయ్యో కాలో పట్టు తప్పినా మైగ్రేనే అనుకొని పడుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

డాక్టర్ మేడమ్ ఇంకోటి కూడా అడిగారు, ఇంట్లో ఎవరికైనా ఉందా అని. అప్పుడు గుర్తొచ్చింది. మాలో ఒకడి యాడి (అమ్మ) మిరప కోతలకి పోయినప్పుడు నుదుటికి తువ్వాలు బిగించి కట్టుకునేది. ఎండకి అనుకున్నాం ఇన్నేళ్లు. మధ్యాహ్నం గట్టు మీద వాంతి చేసుకొని, నోరు కడుక్కొని మళ్లీ సాలులోకి దిగేది. కూలి పోతుందని. ఆ కూలి డబ్బులతోనే వాడి పరుగు బూట్లు కొన్నది.

ఆమెని కూడా ఆసుపత్రికి రమ్మని రోజూ ఫోన్ చేస్తున్నాం. కోతలు అయిపోనీలే అంటోంది.