పదహారు మొలకలు

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి బాగా అలవాటైన మాట ఒకటుంది. "అలా జరిగే చాన్సే లేదండీ!" సరిగ్గా ఆ మాట అన్న చోటే శనివారం అర్ధరాత్రి ప్రొడక్షన్ పడుకుంటుందని మీకు వేరే చెప్పక్కర్లేదు. ఈ జబ్బు మనకే సొంతం కాదు లెండి. మొక్కల శాస్త్రంలోనూ దీనికి ఓ చక్కటి ఉదాహరణ ఉంది.

మొక్క కణంలో డీఎన్‌ఏ మూడు చోట్ల ఉంటుంది. ఎక్కువ భాగం కేంద్రకంలో, కొంచెం మైటోకాండ్రియాలో, ఇంకొంచెం ఆకుకి పచ్చదనమిచ్చే క్లోరోప్లాస్టులో. ఈ క్లోరోప్లాస్టు ఒకప్పుడు సొంతంగా బతికిన బాక్టీరియా. వంద కోట్ల ఏళ్ళకి ముందే వేరే కణంలోకి చేరి, అక్కడే ఉండిపోయింది. ఓ చిన్న కంపెనీని పెద్ద కంపెనీ కొనేసినట్టన్నమాట. ఆ తరవాత ఏమవుతుందో మనకి తెలిసిందే కదా, చిన్న కంపెనీ సర్వర్ల మీదున్నవన్నీ ఒక్కొక్కటే హెడ్డాఫీసుకి పోతాయి. ఇప్పుడు క్లోరోప్లాస్టు దగ్గర మిగిలిన జీన్లు వంద పైచిలుకు. దానికి కావలసిన ప్రోటీన్లేమో వేలల్లో! చాలావాటి కోడు కేంద్రకంలో ఉంది. ఆ ప్రోటీన్లు బయట తయారై, అడ్రసు చీటీ తగిలించుకుని లోపలికొస్తాయి.

ఇదంతా ఎప్పుడో అయిపోయిన మైగ్రేషన్ అనుకుంటే పొరపాటే. మనం తినే వరినే తీసుకోండి. దాని పదో క్రోమోజోములో 1,31,000 అక్షరాల క్లోరోప్లాస్టు డీఎన్‌ఏ ముక్క కూర్చునుంది. దాదాపు క్లోరోప్లాస్టు మొత్తానికి కాపీ అది.

ఇక అసలు పేచీకొద్దాం. జన్యుమార్పిడి పంటల మీద జనాలకున్న భయాల్లో ఒకటి, పెట్టిన జీన్ పుప్పొడితో పక్క పొలానికి పోతుందని. మన బీటీ పత్తిలో జీన్ కేంద్రకంలోనే ఉంది కాబట్టి పుప్పొడిలోకీ వెళ్తుంది. దీనికి కొందరు చెప్పిన ఉపాయం, జీన్‌ని క్లోరోప్లాస్టులో పెట్టమని. చాలా పంటల్లో క్లోరోప్లాస్టులు తల్లి మొక్క నుంచే వస్తాయి, పుప్పొడితో రావు. తలుపు మూసేశాం, ఇక బయటికి పోయే చాన్సే లేదు!

ఆస్ట్రేలియాలో అడిలైడ్ పరిశోధకులు ఆ తలుపుని టెస్ట్ చేసి 2003లో ఫలితం ప్రకటించారు. పొగాకు క్లోరోప్లాస్టులో, కేనమైసిన్ అనే మందుని తట్టుకునే జీన్ ఒకటి పెట్టారు. అది కేంద్రకానికి చేరితేనే పనిచేసేలా రాశారు. ఆ మొక్కల పుప్పొడిని మామూలు పొగాకు పూలకి పట్టించి, వచ్చిన విత్తనాలని మందు కలిపిన చోట మొలిపించారు. సుమారు 2,50,000 మొలకల్లో పదహారు పచ్చగా నిలబడ్డాయి. అంటే దాదాపు 16,000 పుప్పొడి రేణువుల్లో ఒకదాంట్లో జీన్ కేంద్రకానికి దూకేసింది. కోట్ల ఏళ్ళ కిందటి కథ కాదండీ, ఒక్క తరంలో జరిగింది. అదే ఏడు జర్మనీలో ఇంకో బృందం ఆకు కణాల్లో లెక్కేస్తే, 50 లక్షల కణాల్లో ఒకటని తేలింది.

అయితే ఇది చూపించి "చూశారా, మోసం!" అని గంతులేసే వాళ్ళూ కాస్త ఆగాలి. మామూలుగా క్లోరోప్లాస్టు కోసం రాసిన జీన్ కేంద్రకానికి చేరినా పనిచేయదు. దాన్ని ఆన్ చేసే స్విచ్చి అక్కడికి సరిపోదు. పైగా అలా దూకిన జీన్లలో చాలా వాటికి నిలకడ లేదని, తరవాతి తరాల్లో జారిపోతున్నాయని అడిలైడ్ వాళ్ళే 2009లో చూపించారు. కాబట్టి క్లోరోప్లాస్టు ఉపాయం మంచి ఉపాయమే. రిస్కు బాగా తగ్గిస్తుంది. సున్నా మాత్రం చెయ్యదు.

నా గోలంతా ఆ సున్నా గురించే. ప్రయోగశాలలో పది మొక్కల దగ్గర 16,000లో ఒకటంటే సున్నా లాగే కనపడుతుంది. వేల ఎకరాల్లో ఒకేసారి పూత పూసినప్పుడు కాదు. మనకీ ఇది అనుభవమే, పది మంది యూజర్లున్నప్పుడు కనపడని బగ్గు కోటి మంది వచ్చాక రోజూ కనపడుతుంది. రైతుకి "అస్సలు పోదు" అని చెప్పి, రేపు ఒక్క మొక్కలో కనపడితే, ఆ తరవాత మనం నిజం చెప్పినా ఆయన నమ్మడు. "ఇన్నిట్లో ఒకటి పోవచ్చు, పోయినా ఇందుకు పనిచెయ్యకపోవచ్చు" అని అంకెతో సహా చెప్తే, వేయాలో వద్దో ఆయనే తేల్చుకుంటాడు. ఆ మాత్రం లెక్క రైతుకి రాదనుకోవడం మన పొగరు, అంతే.

ఏమంటారు?