పారిపొమ్మన్న ఆజ్ఞ

జారత్వం విషయంలో పౌలు కొరింథు సంఘాన్ని పారిపొమ్మన్నాడు (1 కొరింథీయులకు 6:18). యౌవనేచ్ఛల గురించి తిమోతికి రాసిందీ అదే మాట. గ్రీకులో ఆ క్రియ ‘ఫ్యూగో’. హేరోదు చేతికి చిక్కకుండా బాలయేసుతో ఐగుప్తుకు వెళ్లమని దూత చెప్పిన చోట మత్తయి వాడిందీ ఇదే. ప్రాణం దక్కించుకునే పరుగది; దాన్ని పిరికితనం అనడం అన్యాయం.

ఆదికాండము 39లో యోసేపు పోతీఫరు భార్య చేతిలో వస్త్రం వదిలేసి పరుగెత్తిన ఘట్టం ప్రతి సండే స్కూలు పిల్లవాడికీ తెలుసు. పదో వచనాన్ని మాత్రం చాలామంది దాటేస్తారు. ఆమె రోజూ అడుగుతున్నా అతడు ఆమె దగ్గర ఉండడానికే ఒప్పుకోలేదు. ఆఖరి పరుగుకు కాళ్లలో బలం ఆ రోజుల్లోనే చేరింది. అయినా అతడికి దక్కింది చెరసాల. ఈ సంగతి విశ్వాసులకు దాచకుండా చెప్పాలి.

దావీదు కథ దీనికి ఎదురు. సేన యుద్ధానికి వెళ్తే తాను యెరూషలేములో ఆగాడు, మిద్దె మీద నుంచి ఒక స్త్రీని చూశాడు, ఆమె ఎవరని విచారించాడు. చూపు దగ్గరే వెనక్కి తిరగవచ్చు, విచారణ దగ్గరా తిరగవచ్చు.

నేటి విశ్వాసికి శోధన నుంచి పాటించాల్సిన దూరం చాలా మామూలు పనుల్లో ఉంటుంది: రాత్రి ఫోన్‌ను పడకగదిలో కాక హాల్లో ఛార్జింగ్‌కు పెట్టడం, తాగుడు మానినవాడు వైన్ షాపు లేని దారిలో ఇంటికి రావడం.