తీగలు, పుట్టుమచ్చ

మా మేనకోడలు ఫోటోగ్రఫీ నేర్చుకుంటోంది. మొన్న ఆదివారం సాయంత్రం మా డాబా ఎక్కి విశాఖ సీతమ్మధారలోని మా వీధిని ఫోటో తీసింది. అసైన్‌మెంటట. పేరు ‘మా వీధి’. మర్నాడు పొద్దున్నే పంపాలి. రాత్రి భోజనాలయ్యాక ల్యాప్‌టాప్ నా ముందుకు తోసి, “ఎలా ఉంది మావయ్యా?” అంది.

బాగుంది. దూరాన కొండ, దాని మీద నారింజ రంగు ఆకాశం, కింద రైతుబజారు నుంచి సంచులు మోసుకొస్తున్న జనం. అయినా ఏదో వెలితి. ఇన్నేళ్లుగా చూస్తున్న వీధి మాది కానట్టుంది. కాసేపటికి గానీ తట్టలేదు.

“కరెంటు తీగలేవే?”

“తీసేశాను. కొండకి అడ్డంగా ఉన్నాయి. ఒక్క క్లిక్కంతే.”

“మూడో తీగ మీద రోజూ ఓ కాకి కూర్చుంటుంది కదా, అదేది?”

“తీగతోపాటే పోయింది. అందులో తప్పేటుంది?”

ఈ సంగతి మీద వాళ్ల క్లాసులో రెండు పార్టీలట. తీసింది తీసినట్టు ఇవ్వాలని ఒక పార్టీ, మెరుగులు దిద్దకపోతే మార్కులెవరిస్తారని రెండోది. నన్ను తీర్పు చెప్పమంది. కెమెరా పట్టడం రానివాడికి తీర్పెందుకని మీకు అనిపించవచ్చు. కానీ నాకో పుట్టుమచ్చ ఉంది.

కుడి బుగ్గ మీద, శనగబద్దంత. పదో తరగతి పాసై కాలేజీలో చేరేటప్పుడు గుర్తింపు కార్డు కోసం వన్‌టౌన్‌లో ఒక స్టూడియోకి వెళ్లాను. ఆ రోజుల్లో ఎడిటింగ్ అనేవారు కాదు, టచింగ్ అనేవారు. స్టూడియో ఆయన నెగటివ్‌ని వెనక నుంచి వెలుగు పడే బల్ల మీద పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో సన్నగా గీసేవాడు. నెగటివ్‌లో నల్లమచ్చ తేటగా కనబడుతుంది. ఆ తేట చోటుని పెన్సిల్ గీతలతో చిక్కబరిస్తే ప్రింటులో మచ్చ మాయం. నేను అడగలేదు. ఆయనే నా మీద దయతలచాడు. తీరా కాలేజీలో గుమాస్తా సర్టిఫికెట్లో ‘కుడి బుగ్గ మీద పుట్టుమచ్చ’ అని చదివి, ఫోటో చూసి, “మచ్చేదిరా?” అన్నాడు. క్యూలో అందరి ముందూ బుగ్గ వంచి చూపించుకున్నాను. ఫోటోలో నేను అందంగానే ఉన్నాను. కాకపోతే నేనని రుజువు చేసుకోవలసి వచ్చింది.

అలాగని ‘తీసింది తీసినట్టు’ పార్టీలో చేరలేను. వాళ్లది అమాయకత్వం. జేపెగ్ ఫోటో బయటికొచ్చేలోపే కెమెరా లోపలి చిప్పు రంగునీ పదునునీ కాంట్రాస్టునీ సర్దేస్తుంది. ఫోనైతే మరీను, మనం ఒక్కసారి నొక్కితే చకచకా నాలుగైదు తీసి ఒకటిగా అతికేస్తుంది. ఏ కంపెనీ ఇంజనీరో ముందే చేసిపెట్టిన ఎడిటింగుని మన నిజాయితీగా చూపించుకోవడమే అది. ఇక ఆ చిప్పు దిద్దని రా ఫైలంటారా, చప్పిడి పప్పు. పోపు మనమే పెట్టుకోవాలి. వెలుగు పెంచడం, నీడలు తేర్చడం, వంకర సరిచేయడం వంటలో భాగమే. అయితే పోపుకీ ఓ హద్దుంది. మా విశాఖ ఆకాశం చాలా రోజులు తెల్లగా పాలిపోయి ఉంటుంది. సముద్రపు తేమ కొంత, పోర్టు వైపు నుంచొచ్చే ధూళి కొంత. ఆ మసక తీసే స్లైడరుని చివరిదాకా లాగితే విశాఖ పోయి సిమ్లా వస్తుంది.

హద్దంటే అమెరికా ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ గుర్తొస్తాడు. ఆయన కుర్రతనంలో పియానో విద్వాంసుడు కావాలనుకున్నవాడు. నెగటివ్‌ని స్వరలిపితో, ప్రింటుని కచేరీతో పోల్చేవాడు. 1941లో హెర్నాండెజ్ ఊరి మీద చంద్రోదయం తీశాడు. ఆ ఒక్క నెగటివ్‌నే దశాబ్దాల పాటు ప్రింటు వేస్తూ పోయాడు, వేసేకొద్దీ ఆకాశం నల్లబడింది. అంతవరకూ ఆయన పాట ఆయనిష్టం. 1944లో లోన్ పైన్ దగ్గర తీసిన ‘వింటర్ సన్‌రైజ్’ దగ్గరే నాకు పేచీ. అక్కడి హైస్కూలు పిల్లలు ఊరి పేరులోని రెండక్షరాలని తెల్లరాళ్లతో కొండ మీద పేర్చారు. ఆడమ్స్ ఆ అక్షరాలని ఫోటోలోంచి చెరిపేశాడు. అంతటివాడు చేశాడని మా మేనకోడలు సంబరపడింది. నాకు మాత్రం ఎండలో ఆ రాళ్లు మోసిన పిల్లలు గుర్తొచ్చారు.

తీగల సంగతికొస్తాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఊరంతా స్తంభాలు నేలకొరిగాయి. చెట్లు పోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. ఆ దెబ్బ తర్వాతే ప్రపంచ బ్యాంకు సాయంతో నగరంలో తీగల్ని భూమిలోకి దించే పని మొదలైంది. ఆ పని చూసే తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్నది మా సీతమ్మధారలోనే. అంటే తలమీది తీగలు ఇవాళో రేపో పోయేవే. అప్పుడు ఈ వీధి ఎలా ఉండేదో, కాకి ఎక్కడ కూర్చునేదో చెప్పాల్సింది ఈ పిల్ల తీసిన ఫోటోలే. కోట్లు పోసి సర్కారు నిదానంగా చేస్తున్న పనిని ఈవిడ ఒక్క క్లిక్కుతో చేసేసింది. మెచ్చుకోవాలో కోప్పడాలో తెలియలేదు.

“అయితే ఎడిట్ చేయాలా వద్దా?” అంది విసుగ్గా.

నాకు తోచింది చెప్పాను. మేష్టారు ఎక్స్‌పోజరు పట్టడం వచ్చిందా లేదా అని చూస్తుంటే తీసింది తీసినట్టే ఇవ్వు. జ్వరం చూపించుకోవడానికెళ్తూ మాత్ర వేసుకుంటే డాక్టరుకేం తెలుస్తుంది? వెలుగూ రంగూ దిద్దడం నేర్పుతుంటే దిద్ది ఇవ్వు, అసలుది పక్కన పెట్టు. ఆయన ఏదీ చెప్పకపోతే అడుగు, అడిగితే మార్కులు పోవు. ‘మా వీధి’ అని పేరు పెట్టి వీధిలో ఉన్నదాన్ని తీసేయడం మాత్రం కుదరదు. తీగలు అడ్డమైతే నాలుగడుగులు పక్కకి జరగాలి. డాబా చిన్నదే గానీ నాలుగడుగుల చోటుంది.

వినీ విననట్టు ల్యాప్‌టాప్ మూసుకుని వెళ్లిపోయింది. పొద్దున్నే అడిగితే తీగలున్నదే పంపానంది. వెలుగు కాస్త పెంచిందట. కాకి మీద కొంచెం ఎక్కువ.