అవ్వను అడుగు

దండారి ఆడటం మాకు ఎవరూ తరగతి పెట్టి నేర్పలేదు. పెద్దవాళ్ల వెనక నిలబడి అడుగు వేశాం, అడుగు తప్పితే పక్కవాళ్లు మోచేత్తో పొడిచారు, అంతే. కంప్యూటర్ ప్రోగ్రాం రాయడం కూడా మా గూడెంలో అలాగే మొదలైంది. పట్నంలో డిగ్రీ చదివి వచ్చిన ఒక తమ్ముడి పాత ల్యాప్‌టాప్, అన్నాలయ్యాక కరెంటు ఉంటే దాని చుట్టూ చేరే ఐదారుగురం. 1967లో పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాషను తయారుచేసినవారిలో ఒకరైన సేమూర్ పాపర్ట్, బ్రెజిల్ సాంబా బృందాల్లో చిన్నాపెద్దా కలిసి నేర్చుకునే తీరు గురించి 1980 నాటి తన పుస్తకంలో రాశాడు. ఆ సంగతి తెలిసినప్పుడు మాకు దండారే గుర్తొచ్చింది.

మొదట పైథాన్‌లో కూడికలు, ఎక్కాలు చేశాం. ఎవరికీ రుచించలేదు. ఒక రాత్రి ఆరో తరగతి పిల్ల అడిగింది: "మన సగ లెక్క దీనికి చెప్పొచ్చా అన్నా?"

నాల్వేన్, సీవేన్, సార్వేన్, యేడ్వేన్. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల వాళ్లం. ఒకే సగలో పెళ్లి కుదరదు, అందరూ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లే. ప్రోగ్రాంలో 'ఇఫ్' అంటే ఇదే కదా: ఇద్దరి సగ ఒకటైతే వద్దు, కాకపోతే పెద్దలు కూర్చుని మాట్లాడుకోవచ్చు. చిక్కల్లా ఏమిటంటే, హాస్టళ్లలో పెరిగిన మాకు ఏ ఇంటిపేరు ఏ సగదో సరిగా తెలియదు. అవ్వ దగ్గరికి పోయాం.

అవ్వ గోడకు ఆనుకుని ఒక్కో ఇంటిపేరు చెబుతుంటే ఆ పిల్లే టైపు చేసింది. అయిపోయాక అవ్వ పరీక్ష పెట్టింది. "మా తమ్ముళ్లిద్దరి పిల్లలకు పెళ్లి కుదురుతుందేమో దాన్ని అడుగు." ఇంటిపేర్లు రేషన్ కార్డుల్లో ఉన్నట్టే కొట్టాం. ఒకరిది మెస్రం, ఇంకొకరిది మేశ్రాం. రెండోది జాబితాలో లేదు. ఏడూ, ఖాళీ ఒకటి కావు కాబట్టి యంత్రం "కుదురుతుంది" అంది.

అవ్వ నవ్వలేదు. "పంతులు రాసిన అక్షరానికి సగ మారుతుందా?" అంది.

టీచర్లకు ఒక మాట. రిజిస్టర్‌లో ఇంటిపేరు రాసేముందు దాన్ని ఇంట్లోవాళ్లతో ఒకసారి పలికించుకోండి.

జాబితాలో లేని పేరు వస్తే ప్రోగ్రాం ఇప్పుడు "తెలియదు, అవ్వను అడుగు" అంటుంది. ఒక్కో ఇంటిపేరు కింద కార్డుల్లో దొరికిన రాతలన్నీ చేరుస్తున్నాం, మెస్రం ఒక్కదానికే నాలుగు వచ్చాయి. అసలు పేరును గుంజాల గోండి లిపిలో పెట్టాలని కొందరి వాదన. ఆ లిపికి 2018లోనే యూనికోడ్‌లో చోటు దొరికింది, కానీ మా గూడెంలో దాన్ని చదవగలిగేవాళ్లు ఇద్దరే. వాళ్లలో ఒక తాత శనివారం వస్తానన్నాడు. కీబోర్డు చూపిస్తే అక్షరాలు చూపిస్తాడట, అదీ బేరం.