స్కేలు చెప్పాకే కత్తైనా, సూదైనా

హైదరాబాద్‌లోని ఒక కంటి ఆసుపత్రిలో కనురెప్పల విభాగం డాక్టరమ్మ బల్ల మీద ఒక ప్లాస్టిక్ స్కేలు, ఒక పెన్‌టార్చి ఉన్నాయి. ఆ ఉదయం వచ్చినవాళ్లందరికీ పరీక్ష వాటితోనే మొదలైంది.

మొదట మిర్యాలగూడ వైపు నుంచి వచ్చిన పెద్దాయన. పేపరు చదవాలంటే గడ్డం పైకెత్తాల్సి వస్తోంది, పొద్దు గుంకేసరికి నుదురు లాగేస్తోంది అన్నాడు. డాక్టరమ్మ టార్చి వేసి, నల్లగుడ్డు మధ్యలో మెరిసే చుక్క నుంచి పై రెప్ప అంచు దాకా కొలిచారు. మామూలుగా 4, 5 మిల్లీమీటర్లు ఉండాలి. ఆయనకు ఒక్కటే ఉంది. తర్వాత కనుబొమను బొటనవేలితో గట్టిగా అదిమిపట్టారు. అలా పట్టకపోతే నుదుటి కండరం సాయం చేసి కొలత తప్పుతుందట. "తాతగారూ, తల కదపకండి. కిందికి చూడండి. ఆఁ, ఇప్పుడు పైకి." రెప్ప 14 మిల్లీమీటర్లు లేచింది.

వాలిపోయిన రెప్పకు అంత సత్తువ ఎక్కడిదని ఆశ్చర్యపోయాను. రెప్పను ఎత్తే కండరం ఆయనకు బాగానే ఉంది. దాన్ని రెప్పకు పట్టి ఉంచే పలుచని పొర వయసుతో సాగి జారిపోయింది. గట్టి కాంటాక్ట్ లెన్సులు ఏళ్ల తరబడి వాడినవాళ్లకు ఇది ముందే రావచ్చు. ఆ పొరను లాగి తిరిగి కుట్టాలి. ఇందుకు ఆపరేషనే సరైన దారి.

"పొద్దున లేవగానే కూడా ఇలాగే ఉంటుందా?" అని ఆయన్ను ఒకటికి రెండుసార్లు అడిగారు. ఉదయం బాగుండి సాయంత్రానికి వాలిపోతుంటే కండరాలను అలసటకు గురిచేసే మయస్థీనియా జబ్బేమోనని చూస్తారు. మూసిన కన్ను మీద రెండు నిమిషాలు ఐసు పెడితే అలాంటి రెప్ప చాలామందిలో కాస్త లేస్తుంది. వాళ్లకు వైద్యం మందులతో మొదలవుతుంది. ఉన్నట్టుండి ఒక రెప్ప పడిపోయి, తలనొప్పి పుట్టి, ఒకటి రెండుగా కనిపిస్తే మాత్రం అప్పటికప్పుడే ఎమర్జెన్సీకి పరుగెత్తాలి. మెదడులో రక్తనాళం ఉబ్బి నరాన్ని నొక్కుతూ ఉండొచ్చు.

రోగి ఒప్పుకోవడంతో, పొరను తిరిగి కుట్టే ఆపరేషన్ ఒకటి నన్ను చూడనిచ్చారు. రెప్పకు మాత్రమే మత్తు ఇచ్చారు. మనిషి మెలకువగానే ఉన్నాడు. కుట్టు ముడి బిగించకముందే ఆయన్ను లేపి కూర్చోబెట్టి, ఎదురుగా చూడమని రెండు రెప్పలూ సరిచూశారు. ఒకవైపు కొంచెం ఎక్కువైంది. కుట్టు విప్పి మళ్లీ వేశారు. ఇంకో చిక్కు ఉంది. మెదడు రెండు రెప్పలకూ ఒకే పాటి ఆజ్ఞ పంపుతుంది కాబట్టి, వాలినదాన్ని ఎత్తగానే అప్పటిదాకా బాగున్న రెండోది కిందికి దిగవచ్చు. అందుకే రెండో కన్నును కూడా ముందే పరీక్షిస్తారు.

మధ్యాహ్నం ఒక బ్యాంకు ఉద్యోగిని వచ్చింది. "నుదుటికి బొటాక్స్ వేయించుకుంటే గీతలు పోతాయి, కళ్లూ విచ్చుకుంటాయన్నారు మేడమ్." డాక్టరమ్మ ఆమె నుదుటిని అదిమిపట్టి అద్దం చూపించారు. రెప్పలు నల్లగుడ్డు మీదికి దిగిపోయాయి. "పగలంతా మీ నుదురే రెప్పల్ని మోస్తోందమ్మా. దాన్ని సడలిస్తే ఇంకా వాలతాయి." ఆ అద్దం సూది వేసే ప్రతిచోటా ఉండాలనిపించింది.

బొటాక్స్‌కూ దాని చోటు దానికుంది. కనుబొమను కిందికి లాగే కండరాలకు కొద్దిగా వేస్తే, బొమ చివర స్వల్పంగా లేచి మూడు నాలుగు నెలలు నిలుస్తుంది. 2020లో అమెరికాలో అనుమతి పొందిన ఆక్సీమెటాజోలిన్ చుక్కలు కొందరికి రెప్పను సుమారు ఒక మిల్లీమీటరు, కొన్ని గంటలపాటు ఎత్తుతాయి. మిగులు చర్మం బాగా వేలాడుతుంటే మాత్రం కోసి తీయాల్సిందే. అక్కడ కూడా తొందర పనికిరాదు. జారింది కనుబొమ అయినప్పుడు రెప్ప చర్మం కోసేస్తే బొమ ఇంకా కిందికి వస్తుంది.

చివర్లో కరీంనగర్ నుంచి నాలుగేళ్ల పాప. పుట్టుకతోనే కుడి రెప్ప వాలింది. పైకి లేచేది 3 మిల్లీమీటర్లే. కండరమే సరిగా ఏర్పడని ఆ రెప్పకు చుక్కలు, సూదులు పనిచేయవు. తొడ నుంచి తీసిన పొరతోనో, సిలికాన్ తీగతోనో రెప్పను నుదుటి కండరానికి కట్టాలి. పెళ్లీడు వచ్చాక చేయిద్దామని ఇంట్లో పెద్దలు అన్నారట. నాకు గుండె గుభేలుమంది. నల్లగుడ్డును రెప్ప కప్పేస్తే మెదడు ఆ కంటితో చూడటం నేర్చుకోదు. పెద్దయ్యాక రెప్పను ఎత్తినా ఆ చూపు పూర్తిగా తిరిగి రాదు.

"ఆపరేషన్ అయ్యాక నిద్రలో కన్ను మూసుకుంటుందా మేడమ్?" అంది తల్లి.

"కొంచెం తెరిచే ఉంటుందమ్మా. రోజూ పడుకోబెట్టే ముందు కంట్లో ఆయింట్‌మెంట్ పెట్టాలి, మానకూడదు."

ఆయింట్‌మెంట్ పేరు తెలుగులో రాసిమ్మంది తల్లి. డాక్టరమ్మ పెద్ద అక్షరాలతో రాసిచ్చి, ఆపరేషన్‌కు ముందు చేయించాల్సిన పరీక్షల చీటీ కూడా చేతిలో పెట్టారు.