చిన్‌చిల్లాకి ఒక మూల

అమెరికాలో పిల్లలున్న ఏ తెలుగింట్లోనైనా “అమ్మా, మనం కూడా ఏదైనా పెట్ తెచ్చుకుందామా?” అన్న మాట ఏదో ఒక రోజు వినపడక తప్పదు. కుక్కయితే మంచులో కూడా రోజూ నడిపించాలి. పిల్లయితే సోఫాలు గీకేస్తుంది. చేపలైతే పిల్లలకి వారంలో విసుగొస్తుంది. అలా వెతుక్కుంటూ పోతే చివర్లో తగిలే వాటిలో చిన్‌చిల్లా ఒకటి. కుందేలంత చెవులు కాకపోయినా పెద్ద చెవులే, ఉడత లాంటి తోక, పట్టుకుంటే చేతికి తెలియనంత మెత్తటి ఒళ్లు. మా ఇంట్లో అవి రెండున్నాయని తెలిసిన దగ్గర్నుంచి ఇక్కడ ఆష్‌బర్న్‌లో మనవాళ్లు పాట్‌లక్‌లో కలిసినా, గుడిలో కలిసినా నన్ను అడిగేది ఒకటే. “వాసన రాదూ? ఎక్కడ పడితే అక్కడ పోసేయవూ?”

జవాబు ముందే చెప్పేస్తాను. ఒంటేలుకి వాటికి ఒక చోటు అలవాటు చేయొచ్చు. పెంటికలకి చేయలేం. ఈ తేడా ముందే తెలుసుకున్న ఇంట్లో చిన్‌చిల్లా హాయిగా బతుకుతుంది. తెలియని ఇంట్లో అందరికీ విసుగు పుట్టి, ఆర్నెల్లు తిరక్కుండా మరో ఇంటికి పోతుంది.

మావి కొన్నవి కావు. మా టౌన్‌హోమ్ వరసలోనే ఉండే ఒక తెలుగు కుటుంబం వీసా సంగతి తేలక రెండేళ్ల క్రితం ఇండియా వెళ్లిపోయింది. కారు అమ్మారు, సోఫాలు అమ్మారు, కుండీల్లో కరివేపాకు మొక్క కూడా ఎవరికో ఇచ్చేశారు. బూందీ, కాజా అనే ఈ అక్కచెల్లెళ్లని ఏం చేయాలో మాత్రం వాళ్లకి తోచలేదు. వాళ్లది విజయవాడ. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే ఊరు. మన లెక్కలో 27 డిగ్రీలు, ఇక్కడి లెక్కలో 80 దాటితేనే వడదెబ్బ తగిలే ప్రాణులివి. వాళ్లబ్బాయి, మా అమ్మాయి ఒకే క్లాసు. పంజరం మా ఇంటికి మోసుకొచ్చిన రోజు ఆ పిల్లాడు మా అమ్మాయితో “నేను పెద్దయ్యాక వచ్చి చూస్తా” అన్నాడు. అప్పటికి వాటికి మూడేళ్లు. బాగా చూసుకుంటే చిన్‌చిల్లాలు 15 ఏళ్లు, కొన్ని 20 దాకా బతుకుతాయి. కాబట్టి వాడన్నది జరగని మాటేం కాదు.

నేను గుంటూరులో బి.ఎస్సీ. బి.జెడ్.సి. చదివాను. కప్పని కోశాం, బొద్దింకని కోశాం గానీ చిన్‌చిల్లా పేరు మా సిలబస్‌లో లేదు. అందుకని ముందు వాటి ఊరు గురించి చదువుకున్నాను. వాటి పుట్టిల్లు దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండలు. పొడి నేల, చల్లటి గాలి, రాళ్ల సందుల్లో కాపురం. ఒక్కో రోమకూపం నుంచి యాభైకి పైగా వెంట్రుకలు మొలుస్తాయి కాబట్టి చలికి భయం లేదు, వేడికే భయం. ఆ బొచ్చే వాటి ప్రాణం మీదికి తెచ్చింది. కోట్ల కోసం లక్షల సంఖ్యలో చంపేశారు. అడవిలో మిగిలిన రెండు జాతులూ ఈనాటికీ అంతరించే ప్రమాదంలోనే ఉన్నాయి. చిలీలో ఇయాపెల్ ఊరి దగ్గర 1983లో ప్రత్యేకంగా వీటి కోసమే ఒక అభయారణ్యం పెట్టారు.

ఈ దేశానికి అవి వచ్చిన కథ ఇంకా వింత. మథయాస్ చాప్‌మన్ అనే అమెరికన్ మైనింగ్ ఇంజనీరు 1923లో చిలీ నుంచి 11 చిన్‌చిల్లాలని ఓడలో కాలిఫోర్నియాకి తెచ్చాడు. ఒక్కసారిగా కొండ దించితే తట్టుకోలేవని నెలల తరబడి మెల్లమెల్లగా కిందికి దించాడట. ఓడలో ఐసు పెట్టి చల్లగా ఉంచాడట. ఆయన ఉద్దేశం బొచ్చు వ్యాపారమే అనుకోండి. అయినా ఇవాళ అమెరికా ఇళ్లలో పెరిగే చిన్‌చిల్లాల్లో చాలా భాగం వాటి సంతతే అంటారు. కొత్త చోటికి అలవాటు పడడానికి ఎవరికైనా టైమివ్వాలని ఆయనకి అర్థమైంది. నాకు ఆ కథలో నచ్చింది అదొక్కటే.

ఇక మా ఇంటి సంగతి. తెనాలి నుంచి మా అత్తయ్య ఆర్నెల్లుండడానికి వస్తున్నారని కబురొచ్చింది. ఆవిడ మెట్లెక్కలేరు, కింది అంతస్తులో గదే ఆవిడకి ఇవ్వాలి. ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండేది కూడా కింది అంతస్తే కాబట్టి పంజరమూ అక్కడే ఉంది. ఆవిడది మడి, ఆచారం ఉన్న మనిషి. పొద్దున్నే స్నానం చేసి, దీపం పెట్టందే కాఫీ కూడా ముట్టరు. “అమ్మ వచ్చేలోపు వీటిని ఎవరికైనా ఇచ్చేద్దాం, ఇబ్బంది పడుతుంది” అన్నారు మా వారు. ఆయన చెడ్డగా అన్న మాట కాదు. మా అమ్మాయి ఏడవలేదు, అన్నం దగ్గర మాట్లాడడం మానేసింది. నాకు ఆరు వారాలు టైమివ్వమని అడిగాను.

మొదటి వారం నేను చేసింది చూడడం ఒక్కటే. కాలేజీ రికార్డులో రాసినట్టు నోట్‌బుక్‌లో ఎడమ పేజీలో పంజరం బొమ్మ గీశాను, కుడి పేజీలో టైము. పంజరం అడుగున, అరల మీద లేత రంగు ఫ్లీస్ గుడ్డ పరిచాను, తడిస్తే మరక తెలియాలని. చిన్‌చిల్లాలు పగలంతా నిద్రపోయి సాయంత్రం దీపాల వేళకి లేస్తాయి. నేనూ వంట ముగించుకుని ఆ వేళకి స్టూలేసుకుని కూర్చునేదాన్ని. నాలుగో రోజుకే బొమ్మ మీద చుక్కలన్నీ రెండు చోట్ల గుమికూడాయి. కాజాది అడుగున ఎడమ వైపు వెనక మూల. బూందీది మధ్య అరలో కుడి చివర. అంటే ఎక్కడ పోయాలో అవి ముందే నిర్ణయించుకున్నాయి. వాటి నిర్ణయం కింద ట్రే పెట్టడమే మన పని. మనకి వీలైన మూలలో ట్రే పెట్టి వాటిని అక్కడికి రమ్మంటే జన్మలో రావు.

ట్రే అంటే నేను వాడింది కేకులు చేసుకునే గాజు పాన్. బరువుగా ఉంటుంది, బోర్లా పడదు. ప్లాస్టిక్ పనికిరాదు. వీటి పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి దొరికిందల్లా కొరుకుతాయి. ప్లాస్టిక్ ముక్క మింగితే పేగులో అడ్డం పడుతుంది. పిల్లుల కోసం అమ్మే, తడిస్తే ముద్దకట్టే లిట్టర్ అసలు వాడకూడదు. అది నోట్లోకి పోతే కడుపులోనూ ముద్దే కడుతుంది. సీడార్ పొట్టు కూడా వద్దు, దాని ఘాటు నూనెలు వీటికి పడవు. కాగితపు గుజ్జుతో చేసిన లిట్టర్, లేదా బట్టీలో బాగా ఆరబెట్టిన పైన్ పొట్టు మంచివి.

ట్రేలో లిట్టర్ పోసి, అంతకు ముందు రోజు తడిసిన కాగితం ముక్క ఒకటి అందులో పడేశాను. వాసనే వాటికి సైన్‌బోర్డు. మిగతా చోట్లన్నీ వెనిగర్ నీళ్లతో తుడిచాను. చిన్‌చిల్లా మూత్రంలో కాల్షియం ఉంటుంది, ఆరితే తెల్లటి సున్నం పొరలా పట్టుకుంటుంది. ఆమ్లం పడగానే కార్బనేట్ బుస్సుమని కరిగిపోతుంది. ల్యాబులో టెస్ట్‌ట్యూబ్‌లో చూసిందే, ఇన్నేళ్లకి పంజరం అడుగున పనికొచ్చింది. తిమోతి గడ్డి పెట్టే బుట్టని సరిగ్గా ట్రే పైన కట్టాను. గడ్డి నములుతూ అక్కడే పని కానిచ్చేస్తాయి.

బూందీకి తన ట్రే ఎంత నచ్చిందంటే అందులోనే పడుకోవడం మొదలుపెట్టింది. పడుకునే చోటు, పోసే చోటు ఒకటైతే అలవాటు నిలవదు. పై అరలో ఒక చిన్న చెక్క గూడు పెట్టాక అక్కడికి మారింది. ట్రేలో పోసి దిగినప్పుడల్లా ఒకే ఒక్క ఓట్స్ పలుకు బహుమతి. కిస్‌మిస్‌లు, పండ్లు పెట్టకండి. తీపి వాటి కడుపుకి పడదు. పక్కన పోసినా అరవకూడదు, పట్టుకుని ట్రేలో పడేయకూడదు. బెదిరిన చిన్‌చిల్లా పట్టుకున్న చోట బొచ్చు వదిలేసి పారిపోతుంది. ఆడవైతే కోపమొస్తే గురిచూసి పోస్తాయి కూడా. ట్రే కడిగినప్పుడు పాత లిట్టర్ చిటికెడు మిగిల్చి కొత్తదాంట్లో కలపాలి. మొదటి వారం పది మరకల్లో నాలుగే ట్రేలో ఉండేవి. ఆరో వారానికి తొమ్మిది. గదిలో గడ్డి వాసన తప్ప ఇంకేమీ లేదు.

పెంటికల సంగతి వేరు. తింటూ, దూకుతూ, పరిగెడుతూ వేస్తూనే ఉంటాయి. రోజంతా పీచు నమిలే కడుపు అది, ఆగదు. కాకపోతే నీళ్లు దొరకని కొండల జంతువు కాబట్టి అవి ఎండిపోయి గట్టిగా, వడ్లగింజంత ఉంటాయి. అంటుకోవు, వాసన రావు. పొద్దునొకసారి, రాత్రొకసారి చిన్న చీపురు, చేట చాలు. కొన్ని మెత్తటి వాటిని మాత్రం కుందేళ్ల లాగే అవే తిరిగి తినేస్తాయి. ఒక్కసారి అరగని గడ్డిలోని పోషకాలు రెండోసారికి ఒంటబడతాయి. ఈ సంగతి మా అత్తయ్యకి చెప్పలేదు. మీరూ చెప్పకండి.

అత్తయ్య వచ్చారు. మొదటి రోజు గుమ్మంలోనే నిలబడి చూసి, “ఎలుక జాతేగా అమ్మాయ్” అన్నారు. అవునన్నాను. “వినాయకుడి బండి నానమ్మా” అంది మా అమ్మాయి. నవ్వలేదావిడ. వాసన కోసం రెండు సార్లు గాలి పీల్చి, ఏమీ మాట్లాడకుండా తన గదిలోకి వెళ్లారు. నాలుగు రోజుల తర్వాత “వీటికి నీళ్లు పోయవేం?” అని అడిగారు. ఆ బొచ్చు తడిస్తే లోపల ఆరదని, చర్మం పాడవుతుందని, అందుకే వారానికి రెండు మూడు సార్లు మెత్తటి అగ్నిపర్వతపు దుమ్ము గిన్నెలో పోసి పెడతామని చెప్పాను. అప్పుడే గిన్నె పెట్టాను. కాజా అందులో దూకి గిరగిరా దొర్లింది. అత్తయ్య చాలాసేపు చూశారు. “స్నానాల్లో ఏడు రకాలున్నాయమ్మాయ్. ఆవుల కాళ్ల ధూళి ఒంటి మీద పడితే అదీ స్నానమే, వాయవ్య స్నానం అంటారు. ఇవి చేసేదీ అలాంటిదే” అన్నారు. మా వారు నా వైపు చూశారు. నేను చీపురు తీసుకుని ఊడవడంలో పడ్డాను.

వాటిని ఆవిడ ముట్టుకోలేదు. కానీ సాయంత్రం విష్ణు సహస్రనామం అయ్యాక ఆ స్టూలు ఆవిడదైంది. మూడో నెలలో ఒకరోజు పొద్దున్నే నన్ను పిలిచి, “కాజా చోట ఊడవడానికేం లేదు చూడు. రాత్రి గడ్డి దగ్గరికి కూడా రాలేదు” అన్నారు. నిజమే. ఉన్న నాలుగు పెంటికలూ చిన్నగా, వంకరగా ఉన్నాయి. గడ్డి మీద బతికే జంతువు తినడం మానేస్తే కడుపు కదలిక ఆగిపోతుంది, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. కుక్కల్ని, పిల్లుల్ని మాత్రమే చూసే వెట్‌తో పని కాదు, ఇలాంటి జంతువుల్ని చూసే వెట్ కావాలి. ఆ నంబరు ముందే ఫ్రిజ్ మీద అంటించి ఉంది కాబట్టి మధ్యాహ్నానికల్లా చూపించాం. మందులిచ్చి, గడ్డి పొడి కలిపిన జావ సిరంజితో కొద్దికొద్దిగా, రాత్రీ పగలూ పట్టించమన్నారు. మూడు రాత్రులు రెండింటికి అలారం పెట్టుకుని లేస్తే, అప్పటికే అత్తయ్య తన గదిలో లైటేసుకుని కూర్చుని ఉండేవారు. నాలుగో పొద్దున పంజరం అడుగున వడ్లగింజల్లాంటి పెంటికలు కనపడ్డాయి. “హమ్మయ్య, రెంటికి వెళ్లింది” అని ఇల్లంతా వినపడేలా చెప్పిందావిడే.

మీ ఇంట్లో ఈ ముచ్చట మొదలైతే, ముద్దుగా ఉన్నాయా లేదా అన్న సంగతి తర్వాత, మూడు విషయాలు ముందు మాట్లాడుకోండి. మొదటిది, వర్జీనియా లాంటి చోట జూలై, ఆగస్టుల్లో ఏసీ ఒక్కరోజు పాడైనా ఇవి ఎక్కడుంటాయి? రెండోది, చీపురు ఎవరు పడతారు? పిల్లలు పడతామనే అంటారు, పడేది మనమే, ఆ సంగతి మనసులో పెట్టుకునే ఒప్పుకోండి. మూడోది, మనలో చాలామంది మాట్లాడడానికి ఇష్టపడనిది. మన వీసా కాగితాల కంటే ఈ ప్రాణుల ఆయుష్షు ఎక్కువ. మాదీ గ్రీన్ కార్డు వరసలో నిలబడ్డ కుటుంబమే. వెళ్లాల్సి వస్తే వీటిని తెనాలి ఎండలోకి తీసుకుపోలేం. అందుకే పక్క వీధిలో ఉండే ఒక స్నేహితురాలితో ఇప్పుడే మాట్లాడి ఉంచాను. సరేనంది. నెలకో శనివారం వాళ్లమ్మాయిని తీసుకుని వస్తుంది. ఆ పిల్ల పాత లిట్టర్ చిటికెడు పక్కన పెట్టి, ట్రే కడిగి, కొత్తది పోసి, బూందీది మధ్య అరలోనే పెట్టడం నేర్చుకుంది.