హన్లీ జలాంతర్గామి

అమెరికా అంతర్యుద్ధమున ఉత్తర రాష్ట్రముల నౌకలు చార్లెస్టన్ రేవును దిగ్బంధించెను. దానిని ఛేదింపగోరి దక్షిణాదివారు 1863లో హన్లీ అను జలాంతర్గామిని నిర్మించిరి. దానికి యంత్రము లేదు. ఏడుగురు నావికులు ఇరుసును చేతులతో త్రిప్పుచుండ, ఎనిమిదవవాడు దానిని నడిపెడివాడు.

పరీక్షలలోనే అది రెండుమార్లు మునిగి పదమూడుమందిని బలిగొనెను. వారిలో హొరేస్ హన్లీయు ఒకడు. అయినను దానిని పైకి తీయగా, మరి ఎనమండుగురు స్వచ్ఛందముగా అందు ప్రవేశించిరి.

1864 ఫిబ్రవరి 17 రాత్రి వారు హౌసటానిక్ అను యుద్ధనౌకను ప్రేలుడుమందుతో ముంచివైచిరి. యుద్ధమున శత్రునౌకను ముంచిన మొదటి జలాంతర్గామి అదియే. కాని అది తిరిగి రాలేదు. 2000లో వెలికితీసి శోధింపగా, నావికుల అస్థికలు వారి వారి స్థానములయందే కనిపించెను.

వారు పోరాడినది బానిసత్వమును నిలుపగోరిన పక్షమున. ధైర్యము గొప్పదే, అది ఎవరికొరకు, దేనికొరకు అనునది అంతకంటె గొప్ప ప్రశ్న.